శాన్ డియేగో హై టెక్ హై బడుల్లో ప్రాజెక్టు చదువు: తొమ్మిదో తరగతిలో చేర్చేముందు ఏం చూడాలి?

మీరామెసా_పద్మ
అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతికి హై టెక్ హై లాటరీలో పేరు ఇవ్వాలా వద్దా అని చూస్తున్నాం. ఇది ప్రైవేటు బడా, గవర్నమెంటు బడా? ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పేవి) ఉండవంటున్నారు, మరి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీటు సంగతేంటి? లెక్కల్లో వెనకబడతారా? టెక్స్ట్‌బుక్కు ముందు పెట్టుకుని నడవని చదువులో పిల్లలకు ఏం వచ్చిందో మనకు తెలిసేదెలా? "చాలా బాగుంటుంది", "అసలొద్దు" అనే మాటలు ఇప్పటికే చాలా విన్నాం. లోపల పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చట్టం_చలపతి
పద్మ గారూ, మొదటి ప్రశ్నకు జవాబు: హై టెక్ హై చార్టర్ బడి, చార్టర్ బడి ప్రభుత్వ బడే. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు. డబ్బు రాష్ట్రం ఇస్తుంది, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. చార్టర్ చట్టం అమెరికాలో మొదట మిన్నెసోటాలో వచ్చింది, 1991లో. మరుసటేడు కాలిఫోర్నియా చేసింది. బడి పెట్టేవాళ్లు ఏం నేర్పుతాం, ఎలా కొలుస్తాం అని రాసిన ఒప్పందపత్రమే చార్టర్. గడువు తీరాక దాన్ని పునరుద్ధరించుకోవాలి. 2019లో ఏబీ 1505 చట్టం వచ్చాక పనితీరును బట్టి ఆ గడువు రెండేళ్లు, ఐదేళ్లు, బాగా నడిచే బడికి ఏడేళ్ల దాకా ఉంటుంది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయక తప్పదు.

హై టెక్ హై 2000 సెప్టెంబరులో సుమారు 200 మంది పిల్లలతో ఒకే హైస్కూలుగా మొదలైంది. చోటు పాయింట్ లోమా, 1997లో మూతపడ్డ నౌకాదళ శిక్షణ కేంద్రం ఆవరణ. క్వాల్‌కామ్ వ్యవస్థాపకుడి కుమారుడు గ్యారీ జేకబ్స్ విరాళంతో, ఊళ్లోని వ్యాపార, విద్యా పెద్దల పూనికతో నిలబడింది. మొదటి ప్రిన్సిపాల్ ల్యారీ రోజెన్‌స్టాక్ న్యాయశాస్త్రం చదివి, బడుల్లో వడ్రంగం నేర్పినవాడు. పిల్లల్ని "చేతిపనికి వీళ్లు, కాలేజీకి వాళ్లు" అని రెండు పాయలు చేయకూడదన్నది ఆయన పట్టుదల. ఇప్పుడు పాయింట్ లోమా, క్లైర్‌మాంట్ మెసా, శాన్ మార్కోస్, చూలా విస్టా అనే నాలుగు ప్రాంగణాల్లో కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా 16 బడులున్నాయి.

లాటరీ పోస్టల్ జిప్ కోడ్‌ల ప్రకారం తీస్తారు. ఊళ్లోని అన్ని పేటల పిల్లలూ, బీదా గొప్పా ఒకే గదిలో కూర్చోవాలన్నది దాని ఉద్దేశం. అందుకని "మా స్నేహితులకి వచ్చింది, మాకూ వస్తుంది" అనుకోకండి. మీ జిప్ కోడ్‌లో పోటీ వేరుగా ఉండొచ్చు.

ఇంకో మాట. కాలిఫోర్నియాలో బడికి డబ్బు రోజువారీ హాజరు సగటు మీద వస్తుంది. సంక్రాంతికో పెళ్లికో మూడు వారాలు ఇండియా తీసుకెళ్తే బడికి ఆ మేరకు రాబడి పోతుంది. ప్రాజెక్టు బడిలో దీనికి తోడు మీ పిల్లవాడి జట్టు పని కూడా ఆగుతుంది.

బడి_లోపలి_మాట
ప్రాజెక్టు అనగానే మనవాళ్లకు చార్టు, థర్మకోల్, స్కెచ్ పెన్నులు గుర్తొస్తాయి. పాఠమంతా అయిపోయాక చివర ఇంటికిచ్చే పని అది. ఇక్కడ క్రమం తలకిందులు. ప్రాజెక్టుతోనే మొదలెడతారు, దాన్ని పూర్తి చేయడానికి ఏ పాఠం అవసరమో అది ఆ సమయానికి చెబుతారు. ఇది నిలబడేది టీచర్ ప్రతిభ మీద కాదు, బడి కట్టుబాట్ల మీద. చూడాల్సినవి ఇవి.

ఇద్దరు టీచర్లు, ఒకరు హ్యుమానిటీస్ (భాష, చరిత్ర), మరొకరు సైన్సో లెక్కలో, సుమారు 50 మంది పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. రోజులో పెద్ద భాగం వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి ఒకరోజు మూడు గంటలు బయట పనికి తీసుకెళ్లాలంటే ఇంకో ఆరుగురిని బతిమాలక్కర్లేదు. బెల్లు కొట్టగానే పిల్లలు ఆరు గదులకు చెదిరిపోయే హైస్కూలులో ఇదే మొదట చెడుతుంది.

రెండోది పొద్దున గంట. పిల్లలు రాకముందే టీచర్లు కలిసి కూర్చుంటారు. కొత్త ప్రాజెక్టు ఆలోచనను తోటి టీచర్లు పరీక్షించేది అక్కడే. ఇంచుమించు 45 నిమిషాల పద్ధతి: 10 నిమిషాలు ప్లాను వివరణ, 5 నిమిషాలు సందేహాలు, 5 నిమిషాలు లోతు ప్రశ్నలు, 15 నిమిషాలు మిగతావాళ్ల చర్చ, 5 నిమిషాలు జవాబు, చివర కొంచెం వెనక్కి చూసుకోవడం. చర్చ జరిగే ఆ 15 నిమిషాలూ ప్లాను తెచ్చిన టీచరు నోరు విప్పకూడదు, రాసుకోవాలి. ఈ నియమం వదిలేసిన బడిలో సమావేశం సమర్థన సభగా మారుతుంది, ప్లానులో లోపం అలాగే పిల్లల దాకా వెళ్తుంది.

మూడోది, పిల్లలకు ఇచ్చే పనిని టీచరు ముందుగా తానే చేసి చూడటం. చేసినప్పుడే తెలుస్తుంది, ఏ మెట్టు దగ్గర నాలుగు రోజులు పడుతుందో, ఏ సామాను చాలదో. పిల్లలకు చూపించడానికి ఒక నమూనా కూడా సిద్ధమవుతుంది. ఇది చేయకుండా మొదలైన ప్రాజెక్టు తరచూ చివరి రెండు వారాల్లో కుప్పకూలుతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు.

సాగరిక
నిజమైన ఉదాహరణ మీద మాట్లాడుకుంటే తేలిక. ఈ బడిలో పదకొండో తరగతి పిల్లలు శాన్ డియేగో బే (అఖాతం) మీద వరసగా క్షేత్ర మార్గదర్శి పుస్తకాలు రాశారు. జీవశాస్త్రం, చరిత్ర, రచన, లెక్కలు అన్నీ ఒకే పుస్తకంలోకి వచ్చాయి. అలాంటి ప్రాజెక్టు ఎలా నడపాలో, ఎక్కడ చెడుతుందో రాస్తాను.

ముందు ఆటుపోట్ల పట్టిక తెరవాలి, తర్వాతే క్యాలెండరు. దక్షిణ కాలిఫోర్నియాలో సున్నా మట్టానికి దిగువకు పోయే పాటు (నీరు వెనక్కి తగ్గడం) చలికాలంలో మధ్యాహ్నం పూట వస్తుంది. వసంతం, వేసవిలో తెల్లవారుజామున వస్తుంది, బడి పిల్లల్ని ఆ వేళకి తేలేం. కాబట్టి బురదమేటల మీద జీవుల లెక్కింపు నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో పెట్టినవాళ్లకు మోకాలి లోతు నీళ్లే కనిపిస్తాయి.

లెక్కింపుకి 50 సెం.మీ. చదరపు చట్రం కావాలి. అర అంగుళం పీవీసీ పైపు నాలుగు ముక్కలు, నాలుగు ఎల్బోలు. లోపలి కొలత 50 రావాలి, కాబట్టి ఎల్బోలోకి దూరే భాగం కలుపుకుని కోయాలి. ప్రతి 10 సెం.మీ.కి ఒక చిల్లు వేసి నైలాన్ దారం అటు నాలుగు, ఇటు నాలుగు కడితే 25 గళ్లు, 16 కూడళ్లు వస్తాయి. పైపు కింది వైపు మరికొన్ని చిల్లులు పెట్టి నీళ్లు లోపలికి పోనివ్వాలి, లేకపోతే చట్రం తేలిపోతుంది. ఒడ్డుకి అడ్డంగా 30 మీటర్ల టేపు పరిచి ప్రతి 3 మీటర్లకు చట్రం వేస్తే, సున్నా దగ్గరిదీ కలిపి 11 చోట్లు.

నలుగురి జట్టు: లెక్క పైకి చెప్పేవాళ్లు, రాసేవాళ్లు, ఫోటో తీసేవాళ్లు, నీటిమట్టం, గడియారం చూసేవాళ్లు. మూడు చోట్లకోసారి పనులు మార్చాలి. మార్చకపోతే అందమైన దస్తూరి ఉన్న అమ్మాయి రోజంతా రాస్తూనే ఉంటుంది, నత్తను చేతిలో పట్టుకుని చూడదు. కాలిఫోర్నియా హార్న్ నత్త లాంటిది గంటలో గుర్తుపట్టగలరు, ఆసియా నుంచి వచ్చిపడిన చిన్న ఆల్చిప్పతో మాత్రం తడబడతారు. అందుకే ప్రతి గుర్తింపుకీ ఫోటో ఉండాలి, ఇంకో జట్టు దాన్ని చూసి ఒప్పుకోవాలి. జీవుల్ని తీసుకెళ్లడానికి చేపల, వన్యప్రాణి శాఖ అనుమతి కావాలి, సంరక్షిత ప్రాంతాల్లో అసలు ముట్టకూడదు. ఫోటోలతో సరిపెట్టుకోవడమే మేలు.

పుస్తకం లెక్క: 50 మంది, తలా రెండు పేజీలు, అంటే 100. ముందుమాట, పటం, సూచిక కలిపి 12. మొత్తం 112, అంటే 16 పేజీల ఫారాలు (అచ్చులో ఒకే కాగితం మడిచి చేసే కట్టలు) ఏడు. ఈ లెక్క మొదటి వారంలోనే తేల్చాలి. ఫోటోలు 300 డీపీఐ, పేజీ చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు అదనపు అంచు. వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోలు తెర మీద బాగుంటాయి, అచ్చులో మసకగా వస్తాయి. మొదటి రోజునుంచి అసలు ఫైళ్లు ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టించాలి. ఈ ఒక్క కారణంతో పాడైన పుస్తకాలు చాలా.

లెక్కల_మాస్టారు
సాగరిక గారు రాసింది చాలా బాగుంది, అందులో లెక్కలు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. సగటు, శాతం, వైశాల్యం, ఒక గ్రాఫు. తర్వాతి ప్రాజెక్టులోనూ ఇవే వస్తాయి. ప్రాజెక్టులు నిష్పత్తినీ గణాంకాలనీ పదేపదే పిలుస్తాయి, వర్గ సమీకరణాల కారణాంకాల్నీ, లాగరిథమ్‌లనీ, త్రికోణమితి సర్వసమీకరణాల్నీ పిలవవు. గణితం మెట్టు మీద మెట్టుగా సాగే చదువు. ఒక మెట్టు ప్రాజెక్టులో తగలలేదని వదిలేస్తే రెండేళ్ల తర్వాత కాల్‌క్యులస్‌లో కాలు జారుతుంది.

అందుకని లెక్కలకు విడిగా వేళ ఉండి తీరాలి. అక్కడ కూడా మంచి సమస్యల మీద చర్చగా నడపొచ్చు, కానీ వరస వరసే. బలవంతాన అతికిస్తే ఏమవుతుందో చెబుతాను: "వంతెన నమూనా" ప్రాజెక్టులో నాలుగు వారాలు జిగురు, కర్రపుల్లలు, త్రికోణమితి మాత్రం ఒక్క పూట.

పద్మ గారూ, బడి చూడ్డానికి వెళ్లినప్పుడు లెక్కల టీచర్ని ఒక్కటే అడగండి: ఈ ఏడాది చెప్పే అంశాల వరస చూపించండి అని. కాగితం తీసి చూపిస్తే నిశ్చింత. "అన్నీ ప్రాజెక్టుల్లోనే వచ్చేస్తాయి" అంటే ఇంట్లో ఏర్పాటు చేసుకోవాల్సిందే. పదకొండో తరగతిలో రాష్ట్ర పరీక్ష చార్టర్ బడులకూ ఉంటుంది, ఆ ఫలితాలు బడివారీగా అందరికీ కనపడతాయి. గణితం వరస విడిగా చూడండి, ఒక్క ఏడాదిది కాదు, నాలుగైదు ఏళ్లవి.

బడి_లోపలి_మాట
మాస్టారు గారి మాటతో ఏకీభవిస్తాను. ఒకటి చేరుస్తాను. ప్రాజెక్టు చదువు మార్కులు తగ్గిస్తుందన్న భయానికి ఆధారం లేదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లోని గవర్నమెంట్ (ప్రభుత్వ వ్యవస్థ), ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కోర్సుల్ని ప్రాజెక్టులుగా మార్చి యాదృచ్ఛిక ఎంపికతో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. ప్రాజెక్టు తరగతుల పిల్లల్లో పరీక్ష గట్టెక్కినవాళ్లు మొదటి ఏడాదిలోనే సుమారు 8 శాతం పాయింట్లు ఎక్కువ. అయితే అది చార్టర్ బడుల మీద చేసింది కాదు. పైగా అక్కడి టీచర్లకు తయారుగా పాఠ్యప్రణాళిక, ఏడాది పొడవునా శిక్షణ ఇచ్చారు. ఆ రెండూ లేకుండా "మీరే తయారుచేసుకోండి" అని టీచర్ని వదిలేస్తే ఆ ఫలితం ఆశించలేం.

హై టెక్ హై ఈ సంగతి తొందరగానే గ్రహించింది. టీచర్ల అర్హతా శిక్షణ తన దగ్గరే మొదలెట్టింది, 2007లో సొంత విద్యా కళాశాల కూడా తెరిచింది. కానీ టెక్స్ట్‌బుక్కు లేని బడిలో పాఠ్యప్రణాళిక టీచరు బుర్రలోనే ఉంటుంది, ఆ టీచరు వెళ్లిపోతే అదీ వెళ్లిపోతుంది. అక్కడి టీచర్లు 2021లో యూనియన్ పెట్టుకున్నారు. మీరు చేర్చబోయే బడిలో టీచర్లు సగటున ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. పిల్లల పనిని అందరికీ చూపించే ప్రదర్శన రాత్రి కనిపించే మెరుపులకన్నా ఈ జవాబే ఎక్కువ చెబుతుంది.

మీరామెసా_పద్మ
చాలా థ్యాంక్సండీ. రెండు సందేహాలు. జట్టు పనిలో ఒకరు కష్టపడి నలుగురు మార్కులు తెచ్చుకోరా? యూసీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కాలేజీ_దారి
యూసీకి "ఎ–జి" కోర్సులు 15 కావాలి: చరిత్ర 2, ఇంగ్లిషు 4, గణితం 3, సైన్సు 2, ఇంకో భాష 2, కళలు 1, ఐచ్ఛికం 1. గణితం 4, సైన్సు 3 ఉంటే మంచిదంటారు. వీటిలో 11 పన్నెండో తరగతికి ముందే పూర్తవ్వాలి, ప్రతిదాంట్లో సీ లేదా పైన రావాలి. బడి కోర్సు యూసీ ఆమోదం పొందిందా లేదా అన్నదే వాళ్లకు ముఖ్యం, ప్రాజెక్టుతో చెప్పారా బోర్డు మీద చెప్పారా అని చూడరు. ఇక శాట్, ఏసీటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షల మార్కులను యూసీ ప్రవేశాలకు ఇప్పుడు చూడటమే లేదు.

ఈ బడులు పిల్లల్ని తెలివిని బట్టి వేరు గదుల్లో పెట్టవు. ఆనర్స్ (పై స్థాయి కోర్సు) కావాలనుకున్న పిల్లలు అదే గదిలో, అదనపు పనితో తీసుకుంటారు. యూసీ గ్రేడ్ సగటులో ఆనర్స్, ఏపీలకిచ్చే అదనపు పాయింట్లు 10, 11 తరగతుల్లో గరిష్ఠంగా 8 సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకు మించవు. అంటే పన్నెండు ఏపీలు తీసుకున్నా ఆ లెక్కలో లాభం ఒక హద్దు దాటదు. ఆనర్స్ సరిపోదనుకుంటే కమ్యూనిటీ కాలేజీలో యూసీకి బదిలీ అయ్యే కోర్సు తీసుకోవచ్చు, దానికీ ఆ అదనపు పాయింటు ఉంటుంది. లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా కావాలనుకునే పిల్లలకు ఇది మంచి దారి.

బడి_లోపలి_మాట
జట్టు మార్కుల గురించి: సాగరిక గారి పుస్తకంలో ప్రతి పిల్లవాడికీ సొంత రెండు పేజీలున్నాయి, గమనించారా? కిటుకు అదే. మార్కు సొంత పేజీలకి, ఉమ్మడి మార్కు పటానికి మాత్రమే. ప్రతి ఒక్కరికీ విడిగా చూపించగల ముక్క లేని ప్రాజెక్టు ప్లానుని పొద్దున సమావేశంలోనే వెనక్కి పంపాలి.

ఆపైన సెమిస్టరు చివర ప్రతి పిల్లవాడూ కమిటీ ముందు ఒంటరిగా నిలబడి తన పనిని చూపించి సమాధానం చెప్పుకోవాలి. ఏడాది చివర పై తరగతికి వెళ్లడానికి సిద్ధమేనా అన్నది అక్కడ తేలుతుంది. పక్కవాడి పని మీద బతికిన పిల్లవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. తల్లిదండ్రులతో సమావేశం కూడా టీచరు కాదు, పిల్లలే నడుపుతారు.

డ్రాఫ్టుల మాట. ఐడహోలోని ఒక చార్టర్ బడిలో ఒకటో తరగతి పిల్లవాడు సీతాకోకచిలుకను ఆరుసార్లు గీశాడు. తోటి పిల్లలు ముందు రెక్కల ఆకారం గురించే చెప్పారు, అది కుదిరాకే లోపలి చారల జోలికి వెళ్లారు. హైస్కూలుకీ అదే క్రమం. మొదటి డ్రాఫ్టులో విషయం తప్పొప్పులు, రెండోదాంట్లో అమరిక, మూడోదాంట్లో భాష, అక్షరదోషాలు. అన్నీ ఒకేసారి ఎర్రసిరాతో దిద్దితే పిల్లలు తేలికైన అక్షరదోషాలు సరిచేసి మిగతాది వదిలేస్తారు. సలహా దయగా, నిర్దిష్టంగా, పనికొచ్చేలా ఉండాలన్నది అందరికీ నియమం. "బాగుంది" అంటే నిర్దిష్టం కాదు, "మూడో వాక్యంలో నత్త ఎక్కడ ఉంటుందో చెప్పలేదు" అనేది నిర్దిష్టం.

బడి చూడ్డానికి వెళ్తే గోడ మీది పూర్తయిన పని దగ్గర ఆగకండి, దాని మొదటి డ్రాఫ్టు చూపించమనండి. అది లేదని చెబితే ఆ పని ఎలా పుట్టిందో ఆలోచించుకోవాలి.

విమల_ప్రత్యేకవిద్య
ఐఈపీ (ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలకు రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) ఉన్న పిల్లల సంగతి కూడా రాయాలి. చార్టర్ బడి ప్రభుత్వ బడి కాబట్టి ఐఈపీలో రాసినది ఇక్కడా చట్టబద్ధమే. హై టెక్ హై ఈ పిల్లల్ని విడి గదిలో పెట్టకుండా అందరితో కలిపే చదివిస్తుంది, సహాయకులు తరగతిలోకే వస్తారు. ఇది మంచి పద్ధతి, కానీ జారే చోటొకటుంది. ఆదరాబాదరా ఉన్న జట్టు చదవడం కష్టమైన పిల్లవాడికి "నువ్వు రంగులెయ్యి" అంటుంది. ఏడాదంతా రంగులేస్తాడు, చదవడం అక్కడే ఉంటుంది. ప్రతి ప్రాజెక్టు మొదట్లోనే ఐఈపీ లక్ష్యం ఏ పనిలో సాధన అవుతుందో రాయించుకోండి. ఉదాహరణకు లక్ష్యం పేరా రాయడం అయితే, క్షేత్ర నోట్సులోంచి ఒక పేరా ఆ పిల్లవాడిదే అయ్యుండాలి. గోల, కదలిక ఎక్కువుండే గదులివి, అద్దాల గోడలు కూడా. శబ్దం భరించలేని పిల్లలకు ఒక నిశ్శబ్దమైన చోటు ముందే అడగండి.

నల్గొండ_సైన్స్‌సార్
జెడ్పీ హైస్కూలు నుంచి అడుగుతున్న. 45 నిమిషాల పీరియడ్లు, తరగతికి 50 పైన పిల్లలు, సిలబస్ ఒత్తిడి. ఎఫ్‌ఏల్లో (ఏడాది మధ్యల పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు) ప్రాజెక్టు పనికి మార్కులున్నయి కానీ చార్టులే వస్తున్నయి. మావాళ్లకు దగ్గరి విషయం ఫ్లోరైడు నీళ్లు. ఇందులో ఎంతవరకు మా దగ్గర అయితది?

బడి_లోపలి_మాట
సార్, ఏడాదికి ఒక్కటే పెట్టుకోండి, ఆరు వారాలు. తెలుగు సార్‌తో మాట్లాడి వారానికి ఒకరోజు రెండు పీరియడ్లు కలిపించుకోండి. రిపోర్టు రాయడం ఆయన పాఠంలో వ్యాసరచనగా సరిపోతుంది, ఇద్దరికీ సిలబస్ నడుస్తుంది. పదిమంది చొప్పున ఐదు వాడలు, ఒక్కో విద్యార్థికి ఒక్కో బోరు లేదా చేతిపంపు. ఆ ఒక్క పేజీ మీదే మార్కు. ప్రదర్శన గ్రామసభలో పెట్టండి. ఊరి పెద్దలు ప్రశ్నలడుగుతారని తెలిస్తే పిల్లలు అంకెను మళ్లీ కొలుస్తారు. సార్ చెప్పారని కొలవడం కన్నా ఆ కొలత నికార్సుగా ఉంటుంది.

సాగరిక
కొలత విషయం నేను చెబుతాను సార్. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ఫ్లోరైడును కొలవదు. ఇది మొదటిరోజే బోర్డు మీద రాయండి. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు హద్దు దాటి ఉండొచ్చు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మి.గ్రా. దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా. ఫ్లోరైడు 1.0, దొరకనప్పుడు 1.5. ఈ రెండు నిలువు వరుసలూ వేరువేరుగా పిల్లల పట్టికలో ఉండాలి.

చేతిపంపు అయితే గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు పోయేదాకా కొట్టి, తర్వాత పట్టాలి. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి, పక్కనే పంపు పేరు, తేదీ, వేళ రాయాలి. మీటరుని వారానికోసారి 342 పీపీఎం ఉప్పు ద్రావణంలో సరిచూడాలి. ప్రతి నమూనానీ మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవాలి. ఫ్లోరైడుకి రంగు మారే కిట్టు అంచనాకి చాలు, కానీ రంగు పోల్చడం నీడలో, తెల్ల కాగితం మీద, ఇద్దరు విడివిడిగా చేయాలి. 1.5 దగ్గర తేలిన ప్రతి నమూనానీ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చూపించాకే గ్రామసభలో పెట్టండి. పిల్లల అంకె తప్పని తేలితే ఊరు రెండోసారి వినదు.

నల్గొండ_సైన్స్‌సార్
ల్యాబుల గాజు సీసాలున్నయి. అవే వాడొచ్చా?

సాగరిక
ఫ్లోరైడు నమూనాకి గాజు వద్దు సార్, గాజుతో ఫ్లోరైడు చర్య జరిపి అంకె తగ్గే అవకాశం ఉంది. శుభ్రంగా కడిగిన లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చాలు. పాత కూల్‌డ్రింకు సీసాలు మాత్రం వాడకండి.